వీల్‌చైర్‌లో ఉన్న మా వాడితో బస్సులో లంబసింగి: నా అనుభవం

ఒకప్పుడు ప్రతి చలికాలం మేం ఆరుగురం బైకుల మీద లంబసింగి వెళ్లేవాళ్లం. రాత్రి రెండింటికి గాజువాకలో బయల్దేరితే తెల్లారేసరికి కొండమీద ఉండేవాళ్లం. ఘాట్ ఎక్కుతుంటే చేతులు కొయ్యబారిపోయేవి, బండ్లు పక్కన ఆపి సైలెన్సర్ దగ్గర అరచేతులు కాచుకునేవాళ్లం. ఐదేళ్ల కిందట మాలో ఒకడు బండి మీద నుంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది, డాక్టర్ల భాషలో డి12. నడుం కింద కదలిక లేదు, స్పర్శ కూడా లేదు. ఆ తర్వాత మేమెవరం మళ్లీ అటు వెళ్లలేదు. వెళ్లకూడదని ఎవరం అనుకోలేదు, ఎవరం ఆ మాటెత్తలేదు, అంతే.

ఈసారి వాడే ఎత్తాడు. "డిసెంబర్‌కి నాకు నలభై నిండుతాయిరా, ఆ రోజు తెల్లారేసరికి లంబసింగిలో ఉండాలి" అన్నాడు. మేం సరే అనేశాం. సరే అన్నాక గానీ అందులో ఎంత పని ఉందో తెలీలేదు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లని కొండమీదకి తీసుకెళ్దామనుకునేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుందని అంతా రాస్తున్నాను.

ముందు కారులో వెళ్లి గది తీసుకుందాం అనుకున్నాం. కారెక్కడం వాడికి పెద్ద కష్టం కాదు, పలక వేసుకుని కుర్చీలోంచి సీటులోకి వాడే జరుగుతాడు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి నాలుగు గంటలకీ క్యాథెటర్, అంటే మూత్రం తీసే సన్నటి గొట్టం, వేసుకోవాలి, దానికి శుభ్రమైన చోటు, చేతులు కడుక్కునే నీళ్లు, కాస్త మరుగు కావాలి. గంటల తరబడి ఒకే సీటులో కూర్చుంటే పిరుదుల దగ్గర పుండు పడుతుంది, అది ఒకసారి పడిందంటే మానడానికి నెలలు. ఒకసారి పడి, వాడు మూడు నెలలు బోర్లా పడుకునే ఉన్నాడు. అందుకని మధ్యలో నడుం వాల్చాలి. గదుల కోసం ఏడెనిమిది చోట్లకి ఫోన్ చేశాను, మెట్లెన్ని, బాత్రూం గుమ్మం వెడల్పెంత అని అడిగాను. వాడి కుర్చీ వెడల్పు 63 సెంటీమీటర్లు. గుమ్మం కొలత ఒక్కరికీ తెలీదు. "ఏం పర్లేదు సార్, మా కుర్రాళ్లు ఎత్తేస్తారు" అన్నారు అందరూ. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ నలుగురు ఎత్తుకుంటే వాడి ముఖం ఎలా అయిపోతుందో మాకు తెలుసు. పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది అందుకే.

అప్పుడు గుర్తొచ్చింది బస్సు. మాలో ఒకడికి ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డుంది. రెండేళ్ల కిందట ఒక పాత కాలేజీ మినీ బస్సు కొని, సీట్లు పీకేసి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఇన్వర్టర్ పెట్టుకుని కుటుంబంతో గుళ్లూ గోపురాలూ తిరుగుతున్నాడు. ఇలాంటివి చేయించుకునేవాళ్లకి ఒక మాట: బండి రూపం మారిస్తే ముందు ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో ఆ మార్పు ఎక్కించుకోవాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేది ఇదే. అది లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. షెడ్డువాడు అదంతా ముందే చేయించాడు కాబట్టి ధైర్యంగా బయల్దేరాం.

షెడ్డులో మూడు ఆదివారాలు పనిచేశాం. మంచం ఎత్తు కోసి వీల్‌చైర్ సీటుతో సమానం చేశాం, లేకపోతే పలక మీద జరగడం కుదరదు, ఎగుడుదిగుడైతే చేతుల మీదే బరువంతా పడుతుంది. కిటికీ పక్కన నేలకి నాలుగు కొక్కేలు, అవి పైన ప్లైవుడ్‌కి కాదు, కింద ఛాసిస్‌కి అందేలా వెల్డింగ్ చేయించాం. లారీవాళ్లు సరుకు కట్టే రాచెట్ బెల్టులు నాలుగు తెచ్చి కుర్చీని నాలుగు వైపుల నుంచీ లాగి కట్టాం. మనిషికి బెల్టు వేరేగా ఉండాలి, కుర్చీ బెల్టే చాలనుకుంటే బ్రేకు పడగానే కుర్చీ ఆగుతుంది, మనిషి ఆగడు. వెనక మూల కమోడ్ కుర్చీ, చుట్టూ మందపాటి తెర. ఇవన్నీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది, గుమ్మం.

బస్సు నేల భూమికి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. వెనక ఎమర్జెన్సీ తలుపు తీస్తే కుర్చీ పడుతుంది, కానీ ఆ ఎత్తు ఎక్కేదెలా? ర్యాంపుకి లెక్క ఒకటికి పన్నెండు, అంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు. ఆ లెక్కన మాకు పది మీటర్ల పైచిలుకు పలక కావాలి. మా బస్సే ఏడు మీటర్లు! అల్యూమినియం చెక్కర్డ్ ప్లేట్‌తో రెండున్నర మీటర్ల పలక చేయించాం, అంతకు మించితే మడిచి మోయలేం. దాన్ని చదును నేల మీద వేస్తే గోడలా నిలబడింది. ముగ్గురం కలిసి కుర్చీని తోస్తే సగంలో నా కాలు జారింది. అదృష్టం బాగుండి కుర్చీలో వాడు కాదు, నలభై కిలోల సిమెంటు బస్తా ఉంది. హైడ్రాలిక్ లిఫ్టు ధర అడిగి మెదలకుండా ఫోన్ పెట్టేశాం.

దారి చూపింది మా డ్రైవర్ బాబాయ్. షెడ్డువాడికి సొంత బాబాయ్, మా అందరికీ కూడా బాబాయే. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. మూల కూర్చుని టీ తాగుతూ మా అవస్థ అంతా చూసి, "పలక ఎందుకురా పెంచుతారు, బస్సుని గట్టుకి ఆనించండి" అన్నారు. మా వాడింట్లో అరుగుంది, సుమారు రెండడుగులు. బస్సు వెనక్కి తీసి ఆ అరుగు పక్కన పెట్టి పలక వేస్తే, ఎక్కాల్సింది పాతిక సెంటీమీటర్లే. కుర్చీ వెనక ఒకడు చెయ్యి వేస్తే చాలు, వాడే చక్రాలు తిప్పుకుంటూ లోపలికొచ్చేశాడు. ఆ రోజు మా వాళ్ల అరుపులకి వీధంతా బయటికొచ్చింది.

ఇక బాబాయ్‌తో కూర్చుని దారి పొడుగునా గట్ల లిస్టు రాసుకున్నాం. ఎక్కడ లారీలోంచి బస్తాలు దింపే ప్లాట్‌ఫాం ఉంది, ఏ పెట్రోల్ బంకు పక్కన మట్టిదిబ్బ ఉంది, ఏ ఊరి రచ్చబండ రోడ్డుకి ఆనుకుని ఉంది అని ఆయన కళ్లు మూసుకుని చెబుతుంటే నేను రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ రోడ్డు మీద తిరిగాం, ఒక్క గట్టు కూడా మా కంట పడలేదు.

బయల్దేరే ముందు ఆదివారం యారాడ కొండెక్కి దిగాం, పరీక్షకి. అది చేయకపోతే లంబసింగి ఘాట్‌లో చాలా ఇబ్బంది పడేవాళ్లం. రెండు వందల లీటర్ల ట్యాంకులో సగం నీళ్లు పోశాం, ప్రతి మలుపులోనూ నీళ్లన్నీ ఒక పక్కకి కొట్టుకుని బస్సుని లాగుతున్నాయి, స్టీరింగ్‌లోనే తెలుస్తోందన్నారు బాబాయ్. ట్యాంకు నిండుగా ఉంటే ఇంత ఊగదు, ఖాళీగా ఉంటే అసలు బాధే లేదు, సగమే ప్రమాదం. దాంతో ట్యాంకు వదిలేసి ఇరవై లీటర్ల మూత డబ్బాలు ఎనిమిది పెట్టి తాడుతో కట్టేశాం. మంచం మీద గాలిపరుపు కూడా జారిపోతోందని తెలిసింది, కింద రబ్బరు మ్యాట్ వేశాం.

కరెంటు లెక్క కూడా అప్పుడే చూసుకున్నాం. మా బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్). గుణిస్తే 1800 వాట్ అవర్స్, మామూలు ట్యూబ్యులర్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే చేతిలో ఉన్నది 900. లైట్లకీ ఫోన్లకీ రెండు రాత్రులకి సరిపోతుంది. కానీ వెయ్యి వాట్ల రూం హీటర్ పెడితే గంట కూడా రాదు. హీటర్ ఆశ వదులుకున్నాం. కుంపటి పెడదామా అని ఒకడన్నాడు, మా క్లాస్‌మేట్ నర్సు, ఆమె కూడా వస్తోంది, గట్టిగా వద్దంది. తలుపులు మూసిన బస్సులో బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ పట్టి నిద్రలోనే పోతారు, వాసన కూడా రాదు. ఇది మాత్రం చలి ప్రాంతాల్లో వ్యాన్లో టెంట్లో పడుకునేవాళ్లందరూ గుర్తు పెట్టుకోవాలి.

శనివారం ఉదయం తొమ్మిదికి బయల్దేరాం. వారాంతంలో లంబసింగికి జనమంతా అర్ధరాత్రి వచ్చి పొద్దున్న పదికల్లా దిగిపోతారు, ఆ వేళ ఘాట్‌లో బండ్లు ఇరుక్కుపోతాయి. మేం ఎదురు లెక్కలో వెళ్లాలనుకున్నాం, శనివారం మధ్యాహ్నం ఎక్కి, ఆదివారం జనం దిగిపోయాక దిగడం. విశాఖ నుంచి సుమారు 130 కిలోమీటర్లు, కారు వాళ్లు మూడు గంటలన్నది మేం ఏడు గంటలు పెట్టుకున్నాం.

వాళ్లమ్మగారు గుమ్మం దాకా వచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మందులు, టైములు, క్యాథెటర్లు ఎన్ని, అన్నీ వరసగా. "పిన్నీ, నేను చూసుకుంటాను" అన్నాను. "కాళ్లు చూస్తుండు నాయనా, వాడికి తెలీదు కదా" అన్నారావిడ. ఆ మాట అప్పుడు తలూపి వినేశాను.

అర్ధగంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టాం. అది మోగగానే వాడు రెండు చేతులూ కుర్చీ పిడుల మీద ఆనించి ఒళ్లంతా పైకి లేపి ఉంచాలి, పిరుదుల మీద ఒత్తిడి పోవడానికి. రెండోసారి మోగేసరికి అందరం "లే" అని అరవడం, అందరం సీట్లలోంచి లేవడం మొదలుపెట్టాం. అనకాపల్లి దాటేదాకా బాబాయ్ ఒక్కరే కూర్చున్నారు. నర్సీపట్నంలో బియ్యం గోడౌన్ ప్లాట్‌ఫాం పక్కన ఆపుకుని, వాళ్లనడిగి, వాడు దిగి ఎండలో గంటసేపు ఉన్నాడు. భోజనం మామూలే, ఇంటినుంచి తెచ్చిన పులిహోర. అక్కడే మాడుగుల హల్వా కిలో కొన్నాం. కేకు వద్దన్నాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న నర్సీపట్నం వెళ్తే తెచ్చేది అదేనట.

డౌనూరు దగ్గర ఘాట్ మొదలైంది. మా వాడు సోషల్ మాస్టారు. ఆ రోడ్డెక్కితే వాడు ఊరుకోడు, బైకుల రోజుల్లోనూ ఊరుకునేవాడు కాదు, హెల్మెట్‌లోంచి అరిచేవాడు. ఈ నర్సీపట్నం, లంబసింగి రోడ్డు పనికే కదా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించింది, ఆ కోపమే కదా అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, తుపాకులన్నీ పట్టుకుపోయారు. ఇవన్నీ మాకు తెలిసినవే. కానీ ఐదేళ్ల తర్వాత అదే మలుపుల్లో వాడి గొంతులో వింటుంటే ఎవరికీ మధ్యలో మాట్లాడాలనిపించలేదు. దారి బాగా కనబడుతుందని వాడి కుర్చీ ముందుకి తెచ్చి, డ్రైవర్ పక్కన ఇంజిన్ కవర్ వెనకాల కట్టాం. రెండో గేరులో ఇంజిన్ హోరు, వాడు గొంతు పెంచి చెబుతున్నాడు, రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద కాఫీ తోటలు కనబడటం మొదలైంది.

అలారం మోగింది. అందరం లేచాం. అప్పుడు చూశాను వాడి ఎడమ కాలు. చెప్పు జారిపోయింది, మేజోడు ఉన్న పాదం ఇంజిన్ కవర్‌కి ఆనుకుని ఉంది. నేను చెయ్యి పెట్టి చూస్తే కవర్ మీద చెయ్యి నిలవలేదు. ఎంతసేపటి నుంచి ఆనుకుని ఉందో ఎవరికీ తెలీదు. వాడికీ తెలీదు, వాడు నవ్వుతూ బాస్టియన్ గురించే చెబుతున్నాడు.

బాబాయ్ మలుపు దాటి వెడల్పు చోట ఆపారు. నర్సు మేజోడు తీసింది. మడమ పక్కన అరచేతి సగం మేర ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె డబ్బాలోంచి మామూలు నీళ్లు సన్నధారగా పోస్తూనే ఉంది, ఇరవై నిమిషాలు, ఐసు వద్దు, పేస్టు వద్దు, ఏదీ రాయొద్దు అంది. డబ్బా సగం అయిపోయాక వేలితో నొక్కి చూసింది, తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. బొబ్బ లేవలేదు. "పై చర్మమే, ఫర్వాలేదు, కానీ ఇంకో పది నిమిషాలైతే వేరేలా ఉండేది" అంది. నాకు కాళ్లు వణికాయి. కాళ్లు చూడమని ఆవిడ చెప్పింది నాకే. నేను వాడి కథ వింటూ కూర్చున్నాను.

"ఏట్రా, ఏడుస్తున్నావా?" అన్నాడు వాడు. "వెనక్కి వెళ్లిపోదాం" అన్నాను. వాడికి కోపం వచ్చింది, నిజంగానే. "నా కాలు, నాకు లేని బాధ నీకేటి? కాలికి ఏదైనా అడ్డం పెట్టు, పద" అన్నాడు. షెడ్డువాడు స్పాంజి కోసి, ప్లైవుడ్ ముక్కలతో రెండు పాదాలూ పట్టే పెట్టె ఒకటి అక్కడే రోడ్డు పక్కన చేశాడు, పాదాలు అందులో పెట్టి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాం. కుర్చీ మళ్లీ వెనక్కి, కిటికీ పక్కకి మార్చాం. ఇలాంటివాళ్లతో ప్రయాణం చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఇంజిన్ కవర్, ఎండపడే ఇనుప రేకు, వేడి టీ గ్లాసు ఒళ్లో పెట్టుకోవడం, ఆఖరికి సెల్‌ఫోన్ ఛార్జర్ కూడా.

నాలుగున్నరకి లంబసింగి చేరాం. టెంట్లు అద్దెకిచ్చే ఒకాయన తన స్థలంలో బస్సు పెట్టుకోనిచ్చాడు, డబ్బులు మాట్లాడుకున్నాం. అక్కడ గట్టు లేదు, స్థలం మాత్రం చదునుగా ఉంది. ముందు టైర్ల కింద పలకలు వేసి, నేల మీద నీళ్ల సీసా పడుకోబెట్టి అది దొర్లకుండా ఉండేదాకా సరిచేశాం. బస్సు ఏమాత్రం వాలుగా ఉన్నా రాత్రి వాడు పరుపు మీంచి జారతాడు, జారితే చర్మం ఒరుసుకుంటుంది.

చీకటి పడగానే చలి దిగింది. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు ఊళ్లోవాళ్లు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చుట్టూ అడవి. వెనక తలుపు తీసి వాడి కుర్చీ గుమ్మం దగ్గర కట్టాం, పదడుగుల దూరంలో నెగడు వేశాం. మేం కింద, వాడు పైన. టెంట్ల ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు, గిరిజనుడు, మా ఈడువాడే. వాడి సంగతంతా అడిగి తెలుసుకుని, "పొద్దున్నే చెరువులవేనం ఎక్కితే మేఘాలు కాళ్ల కింద ఉంటాయి సార్, మీ బస్సు రాదు గానీ, నలుగురు కుర్రోళ్లని పిలుస్తాను, డోలీ కట్టి తీసుకెళ్లి తెస్తారు" అన్నాడు. మాకు ఆశ పుట్టింది. మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ వాళ్లు డోలీ ఎప్పుడు కడతారు?" అని అడిగాడు. ఆయన చెప్పాడు, రోడ్డు లేని ఊళ్ల నుంచి పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని, జ్వరం ముదిరినవాళ్లని మోసుకొస్తామని, ఆయన భార్యని అలాగే తెచ్చారట. "అయితే నాకొద్దన్నా" అన్నాడు మా వాడు. "మేఘాలు చూడ్డానికి డోలీ ఎక్కలేను." ఆయన తల ఊపి కట్టె ఒకటి నెగట్లోకి తోశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరే చాలాసేపు మాట్లాడుకున్నారు, కాఫీ పళ్ల ధర గురించి, ఆయన కొడుకు చదివే ఆశ్రమ పాఠశాల గురించి.

పన్నెండింటికి హల్వా ముద్ద మీద కొవ్వొత్తి పెట్టాం. నెయ్యి గడ్డకట్టి కొవ్వొత్తి చక్కగా నిలబడింది. వాడు ఊదాడు, పాడాం, తిన్నాం, పడుకున్నాం.

రాత్రి మాత్రం మాకు పెద్దగా నిద్ర లేదు. వేడినీళ్ల సంచి వాడి పక్కలో పెట్టకూడదు, కాలినా తెలీదు. పగలు జరిగింది చూశాం కదా. అందుకని రెండు జతల ఉన్ని మేజోళ్లు, వదులుగా, పైన రెండు రగ్గులు. కాళ్లు చల్లబడితే వాడికి తెలియదు కాబట్టి రెండు గంటలకొకరం లేచి చేత్తో తాకి చూడాలని వంతులు వేసుకున్నాం. కిటికీలన్నీ మూస్తే ఆరుగురి ఊపిరికి రేకు కప్పుకి చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా ముఖాల మీద పడింది, రెండు వైపులా రెండంగుళాలు తెరిచాం, చలి పెరిగింది గానీ బొట్లు ఆగాయి. నా వంతు రెండింటికి. బయట వేలాడదీసిన థర్మామీటర్ ఏడు డిగ్రీలు చూపిస్తోంది. క్యాథెటర్ టైం కూడా అదే, వాడే చేసుకున్నాడు, నేను టార్చి పట్టుకున్నాను. మళ్లీ పడుకుంటూ, "పగలు అరిచానని ఏం అనుకోకురా" అన్నాడు. "నువ్వు వెనక్కి అనేసరికి, ఇంక ఇదే ఆఖరుసారి అవుద్దేమో అనిపించింది." నాకేం చెప్పాలో తెలీక రగ్గు సర్దాను.

ఐదున్నరకి బాబాయ్ లేపారు. వెనక తలుపు తీసేసరికి బయట ఏమీ లేదు. నెగడు లేదు, టెంట్లు లేవు, పదడుగుల దూరంలో చెట్టు లేదు. మంచు నేలమీద పాకుతూ వచ్చి పలక మీదుగా బస్సులోకి ఎక్కుతోంది. మా వాడు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బయటికి చాపాడు. మోచేతుల దాకా కనబడ్డాయి, అరచేతులు కనబడలేదు. అరగంట సేపు అలాగే ఉన్నాడు. మేం టీ పెట్టుకుని తాగాం, వాడికి గ్లాసు చేతికివ్వకుండా నేను పట్టుకుని తాగించాను, మొన్నటిదాకా అయితే విసుక్కునేవాడు.

ఎనిమిదిన్నరకి ఎండ వచ్చింది, మంచు లేచిపోయింది, రోడ్డు మీద దిగేవాళ్ల హారన్లు మొదలయ్యాయి. మేం ఎదురు దిక్కున తాజంగి వైపు నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాం, రిజర్వాయర్ చూద్దామని. బాబాయ్ లిస్టులో అక్కడ గట్టేమీ లేదు, వాడు బస్సులోంచే చూస్తాడులే అనుకున్నాం. దారి పక్కన ఒకచోట బాబాయ్ స్పీడు తగ్గించారు. రోడ్డుకీ నీళ్లకీ మధ్య మట్టికట్ట, పైన గడ్డి, రోడ్డు వైపు నిట్టనిలువుగా కోసినట్టుంది. ఆయన దిగి దాని పక్కన నిలబడి చూసుకున్నారు, తొడ దాకా వచ్చింది. బస్సు వెనక భాగం దానికి ఆనించడానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీశారు, షెడ్డువాడు వెనక నిలబడి "రైట్ రైట్" అంటున్నాడు. పలక వేశాం. టేపు పెట్టి కొలిచాను, గట్టు బస్సు నేల కంటే నాలుగు సెంటీమీటర్లే తక్కువ.

నేను అలవాటుగా కుర్చీ వెనక పిడి పట్టుకున్నాను. "వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. వాడు చక్రాలు తిప్పుకుంటూ పలక దాటి, గడ్డి మీదకి దిగి, ఆగకుండా ఇరవై గజాలు వెళ్లాడు. నేల మెత్తగా ఉండి చక్రాలు దిగబడుతున్నా ఆగలేదు. నీళ్ల వైపు తిరిగి బ్రేకులు వేసుకుని కూర్చున్నాడు. అవతల కొండల మీద వలిసె పూలు అక్కడక్కడా ఇంకా పసుపుపచ్చగా మిగిలి ఉన్నాయి. మేం ఐదుగురం బస్సు దగ్గరే ఉండిపోయాం, ఎవరం పిలవలేదు. ఐదేళ్లలో వాడు మాకు దూరంగా, తనంతట తాను, ఒక్కడే ఆరుబయట కూర్చోవడం నేను అదే చూడటం.

అలారం మోగింది. దూరం నుంచి వాడు చేతుల మీద లేచాడు. మేమూ అలాగే నిలబడ్డాం, అప్పటికే నిలబడి ఉన్నాం కాబట్టి చేతులెత్తాం.

దిగేటప్పుడు బాబాయ్ రెండో గేరు దాటనివ్వలేదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, ఇంజినే బండిని పట్టి ఉంచాలి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అవి వేడెక్కి చివరికి పట్టవు, అన్నారు. మా వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టారు, ఆయన వెడల్పు చోటల్లా పక్కకి తీసి దారి ఇచ్చారు గానీ గేరు మార్చలేదు. మేం వాడిన నీళ్లూ, కమోడ్ సంచులూ అన్నీ మూత డబ్బాల్లో విశాఖ తెచ్చేశాం, కొండమీద ఒక్క చుక్క పారబోయలేదు. సాయంత్రం ఆరున్నరకి అరుగు పక్కన బస్సు ఆనించాం. ఇంట్లోకి వెళ్లగానే నేనే వాడి మేజోడు తీసి పిన్నికి చూపించాను, దాచలేదు. ఎరుపు చాలా తగ్గింది, గులాబీ రంగు మచ్చ మిగిలింది. ఆవిడ దాని మీద వేలు పెట్టి చూసి, నన్ను భోంచేసి వెళ్లమన్నారు.

రాత్రి పదకొండుకి మా గ్రూప్‌లో వాడి మెసేజ్ వచ్చింది. "అరకు స్టేషన్ ప్లాట్‌ఫాం పక్కకి బస్సు వెళ్తుందా? బాబాయ్‌ని అడగండి, ఎత్తెంతుంటుందో."